ఆయ్, కూర్చుని పెడతానండీ

మా లంక ఊరికి ఒకప్పుడు పంచాయతీ ప్రెసిడెంట్లందరూ మగవాళ్ళే. మహిళల రిజర్వేషను వచ్చాక గెలిచిన మొదటావిడని తలుచుకుంటే ముందు ఆవిడ నవ్వే గుర్తొస్తుంది. కాదనాలన్నా సరే, నవ్వుతూ "ఆయ్" అనే మొదలెట్టేవారు.

గట్టు రోడ్డు కొలిచింది నేనే కాబట్టి, మొదటి మీటింగుకి ఆ కొలతలు చెప్పడానికి నన్నూ పిలిచేరు. కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆరు కుర్చీలు, ఆరుగురు మగవాళ్ళు. లెక్క సరిపోయినట్టే ఉంది. ప్రెసిడెంటు కుర్చీలో ఆవిడ భర్త ఉన్నారు. ఆవిడ మాత్రం గుమ్మంలో ఉన్నారు.

"సంతకం పెట్టేసి ఇంటికెళ్ళవే. మిగతాది మేం చూసుకుంటాం," అన్నారాయన.

"ఆయ్, కూర్చుని పెడతానండీ."

అందరూ నవ్వేరు. ఆవిడా నవ్వేరు గానీ కదల్లేదు. "తొందరేం లేదండీ, అన్నం వండే వచ్చేను."

కాసేపటికి నవ్వులు ఆగిపోయాయి. ఆయన మెల్లగా లేచేరు. ఆవిడ కూర్చుని, తీర్మానం చదివించుకుని, చేపలవాళ్ళ వీధి పొడవెంతో నన్నడిగి, రోడ్డు అక్కడిదాకా రాయించేకే సంతకం పెట్టేరు.

తర్వాతి మీటింగుకి వస్తూ ఆయన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ నెత్తిన పెట్టుకుని గట్టు మీద ఎదురయ్యేరు.

"ఎవరికండీ అది?"

"నాకేనండి బాబూ! అక్కడ మా ఆవిడ లేవదు," అన్నారు, కాస్త గర్వంగానే.