కాళ్లు పెట్టని కరెంటు బండి

ఆ రోజుల్లో ఏ వస్తువు కొనాలన్నా ముందు నలుగురిని అడిగేవాళ్లు, ఆ తర్వాత ఎవరి మాటా వినకుండా తమకు తోచిందే కొనేవాళ్లు. నేనైతే ఆ అడగడం కూడా అనవసరం అనుకునేదాన్ని. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న పిల్లకు అంత తెలివి ఎక్కడిదో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. గద్వాలలో కరెంటు బండ్లు అప్పుడప్పుడే కనపడుతున్న కాలమది. మా ఊరికీ గద్వాలకూ మధ్య ఒక గుట్ట ఉంది. మా నాయిన గద్వాలలో షావుకారు దగ్గర నూలు, పట్టు తెచ్చి మా ఊళ్లో నాలుగు మగ్గాలకు పంచేవాడు. అందులో ఒకటి మాదే, గుంటలో కాళ్లు దించి కూర్చుని నేసే మగ్గం. ఆ బరువంతా ఏళ్ల తరబడి సైకిలు మీద పెట్టి గుట్ట మీదికి తోశాడు. చివరికి మోకాలు వాచింది. దవాఖానలో డాక్టరు, "ఇంక గుట్ట మీద బరువు తోస్తే మోకాలు పోతది, మగ్గం గుంటల దిగనీకె రాదు" అని తేల్చి చెప్పాడు. నాయిన బుద్ధిగా తలూపి, బయటికొచ్చి, నూలు మూట కట్టిన సైకిలు తోసుకుంటూ గుట్ట దారి పట్టాడు.

అది చూసి నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. బండి కొనే పని నేనే నెత్తినేసుకున్నాను. లైసెన్సు లేని నేను నడపగలిగింది, అప్పట్లో లైసెన్సు అడగని కరెంటు బండి ఒక్కటే. నోటుపుస్తకం పట్టుకుని షాపుకు మూడుసార్లు వెళ్లాను. ఎంతసేపు చార్జింగు పెట్టాలి, కరెంటు పోతే ఏం చెయ్యాలి, ఎంత బరువు మోస్తుంది, ఎత్తు ఎక్కుతుందా, అన్నీ రాసుకున్నాను. షాపతను ఓపికగా చెప్పి, చివరికి, "మేడం, మీరు బండి కొంటున్నరా, పరీక్ష రాస్తున్నరా" అన్నాడు. కాళ్లు పెట్టుకునే చోటు అన్నింటికన్నా వెడల్పుగా ఉన్న బండిని ఎంచుకున్నాను. అక్కడ పెద్ద మూట చక్కగా పడుతుందని నా లెక్క.

నమ్మకం కోసం గుట్ట మీదే పరీక్ష పెట్టాను. కాళ్ల దగ్గర బియ్యం బస్తా, వెనక మా మేనమామ (ఆయన ఒక్కడే రెండు బస్తాలు). బండి మూలిగింది, నెమ్మదించింది, కానీ ఎక్కింది. పైకి చేరాక మామ కిందికి దిగి, "నడిసొస్తే ఇంతకన్న జల్దొస్తుంటి గని, బండైతే మంచిదే" అన్నాడు. ఆ సాయంత్రం ఇంట్లో నా నడకే మారిపోయింది.

మర్నాడు షావుకారు కొట్టు ముందు నూలు మూట ఎత్తి బియ్యం బస్తా పెట్టిన చోటే పెట్టబోయాను. నన్ను ఒంటరిగా పంపలేక సైకిలు మీద వెంట వచ్చిన నాయిన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆడ కాళ్లు పెడ్తరు గద బిడ్డా."

మా ఇళ్లల్లో నూలుకు పొరపాటున కాలు తగిలితే వంగి కళ్లకద్దుకుంటారు. పుట్టినప్పటి నుంచి నేనూ అదే చేశాను. మూడుసార్లు షాపుకు వెళ్లి నోటుపుస్తకం నింపినదాన్ని, ఆ ఒక్క మాట రాసుకోలేదు. "మగ్గం తొక్కేది కాళ్లతోనే కద నాయినా" అని వాదించాను. "తొక్కేది చెక్కల్ని. నూలు పైనుంటది" అన్నాడు.

మూట సీటు వెనక కట్టాం. చదునులో బాగానే వచ్చాం. గుట్ట మొదలయ్యేసరికి బరువంతా వెనక్కి గుంజి ముందు చక్రం తేలడం మొదలుపెట్టింది. హ్యాండిలు నా మాట వినలేదు. సగంలో దిగి తొయ్యడం మొదలుపెట్టాను. బ్యాటరీలతో ఆ బండి సైకిలుకు మూడింతలు బరువు. పదడుగులు వేశానో లేదో, ఉన్నట్టుండి తేలికైంది. వెనక్కి చూస్తే నాయిన. సైకిలును రాయికి ఆనించి వచ్చి, వాచిన మోకాలుతో, నా బండిని తోస్తున్నాడు. ఏ మోకాలు కోసం ఆ బండి కొన్నానో, ఆ మోకాలే దాన్ని గుట్ట ఎక్కిస్తోంది.

"నాయినా, నువ్వు తోసెటట్లుంటే బండిని ఈడనే ఇడిసి పోత" అన్నాను. ఆయన చేతులు తీయలేదు. "నూలును కాళ్లకాడ పెడ్తవా మరి" అన్నాడు. కోపం లేదు, నిజంగానే అడిగాడు.

నేను బండికి స్టాండు వేశాను. మంచినీళ్ల సీసా వంచి ఆ చోటంతా కడిగి, చున్నీతో తుడిచాను. "ఇయ్యాల్టికెళ్లి ఈడ కాళ్లు పెట్ట. ఇది కాళ్లు పెట్టె జాగనే కాదు" అన్నాను.

"మూట లేనప్పుడు గూడ పెట్టవా?"

"పెట్ట."

నాయిన బండి మీంచి చేతులు తీశాడు. తర్వాత తనే మూట విప్పి తెచ్చి అక్కడ దించి, తాడుతో కట్టాడు. నేను వెనక కూర్చునేవాళ్లు కాళ్లు పెట్టుకునే కడ్డీలు లాగి, వాటి మీద పాదాలు మోపి, దండం పెట్టబోయి ఆగిపోయినదానిలా ముందుకు వంగి కూర్చున్నాను. బండి మూలుగుతూ గుట్ట ఎక్కింది. నాయిన ఖాళీ సైకిలు పట్టుకుని మెల్లగా వెనక నడిచొచ్చాడు.

ఆ బండి నడిచినన్నాళ్లూ నేను అలాగే నడిపాను. కాలేజీ ముందు ఆడపిల్లలు చూసి నవ్వేవాళ్లు. మామ అయితే "నడుముకు దవాఖాన ఖర్చు నేనిస్త తియ్" అనేవాడు. నాయిన మాత్రం ఒక్కసారి కూడా నవ్వలేదు. తర్వాత పన్నెండేళ్లు మగ్గం గుంటలోకి తన కాళ్ల మీద తనే దిగాడు, తనే పైకెక్కాడు.

ఇప్పుడు నాయిన లేడు, మగ్గమూ లేదు. నా బండి కూడా వేరే. మొన్న వనపర్తి బజారులో తోటి టీచరమ్మ వెనక కూర్చోబోతూ కడ్డీల మీద నా పాదాలు చూసి, "నీ కాళ్లు ఈడున్నయి, నా కాళ్లేడ పెట్టాలె" అంది. చూసుకుంటే నా ముందు ఏమీ లేదు, ఖాళీ చోటు. సిగ్గుపడి కాళ్లు ముందుకు తెచ్చాను. ఆమె దిగిపోయాక మళ్లీ వెనక్కి పెట్టుకున్నాను.