కెరటాల అవతల

మొన్న పెరట్లో నూతి పూడిక తీసేవాళ్లు తడిసిన కొబ్బరితాడు చుట్ట తెచ్చి నా పక్కన పడేశారు. ఆ వాసన తగలగానే గుండె దడదడలాడింది. ఎనభైకి దగ్గరపడ్డదాన్ని, నాకే నవ్వొచ్చింది కానీ, లోపలికెళ్లి కాసేపు కూర్చుంటే తప్ప ఆ దడ తగ్గలేదు. పంతొమ్మిదివందల అరవైల చివర్లో, ఒక వేసవి సాయంత్రం అలాంటి తాడే పట్టుకుని నేను సముద్రం మీద పడవలో కూర్చున్నాను. పక్కన మా హెడ్‌మిస్ట్రెస్ సీతారత్నం గారు.

కళింగపట్నానికి దక్షిణాన, సముద్రపు ఒడ్డునే ఉన్న పల్లెలో, నేను కొత్తగా టీచరుగా చేరిన మా బడి. ఆవిడ ఎదుట మాట పెగలడం ఊరి పెద్దలకే కష్టంగా ఉండేది. పాఠంలో ఉన్నది పిల్లలు కళ్లతో చూడాలన్నది ఆవిడ పట్టుదల. వాళ్లను కళింగపట్నం పాత రేవుకు తీసుకెళ్లే ముందు తాను చూసి రావాలని పడవ మాట్లాడి, నన్ను తోడు రమ్మన్నారు. నా పాపకు అప్పుడు నాలుగో నెల. పైపాలు పోస్తే ఉమ్మేసేది. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానని అత్తగారికి చెప్పి, చీకటితోనే పాలిచ్చి బయల్దేరాను. సీతారత్నం గారు అడిగితే ఈ సంగతి చెబుదామనుకున్నాను. ఆవిడ అడగలేదు.

వెళ్లేటప్పుడు తెరచాప ఎత్తి, సరుగుడు తోటల వెంబడి హాయిగా వెళ్లాం. రేవులో దిగాక ఆవిడ చిన్నపిల్లయిపోయారు. పాడుబడ్డ గిడ్డంగులు, లైట్‌హౌస్, ఇసుకలో సగం కూరుకుపోయిన లంగరు, అన్నీ చూసి నోటుబుక్కులో రాసుకున్నారు. పడవ నడిపే పోలయ్య రెండుసార్లు వచ్చి, ఎండ నెత్తికెక్కితే దక్షిణపు గాలి లేస్తుందని, దానికి ఎదురెళ్లడం కష్టమని చెప్పాడు. ఆవిడ మాత్రం వంశధార సముద్రంలో కలిసే చోటు కూడా చూడాల్సిందేనన్నారు. బస్సా, రోజుకొకటి, అది పొద్దున్నే వెళ్లిపోయింది. నేను గొడుగు పట్టుకుని ఆవిడ వెనకే నడిచాను. నా పిరికితనం మీద నాకే మండిపోయింది.

పోలయ్య అన్నంతా అయింది. తెరచాప దింపి, అతనూ తమ్ముడూ తెడ్లు వేస్తుంటే పడవ అంగుళం అంగుళం కదిలింది. పొద్దు వాలే వేళకు మా ఊరు కనిపించింది. కెరటాలు మనిషెత్తు లేస్తున్నాయి. అవి సద్దుమణిగేదాకా అవతలే ఆగాలన్నాడు పోలయ్య. ఒడ్డున ఇసుకలో మా అత్తగారు నిలబడి ఉన్నారు, భుజాన పాప. ఏడుస్తోందో లేదో ఆ హోరులో వినపడదు. నా రవిక పాలతో తడిసిపోయింది. అప్పుడు చూశారు సీతారత్నం గారు.

"పాలిచ్చి ఎంతసేపయింది?"

"తెల్లారకముందండి."

"పొద్దుటినుంచీ నీ నోట్లో నాలుక లేదా?"

"మీరు అడగలేదండి."

ఎలా వచ్చిందో ఆ మాట. ఆవిడ ముఖం పాలిపోయింది. పడవ పోనిమ్మని పోలయ్యను తొందరపెట్టారు.

"నాను సెప్పిందాకా కదలొద్దమ్మా," అన్నాడతను, వెనక నుంచి వచ్చే కెరటాలను లెక్కపెట్టుకుంటూ. "ఇప్పుడెల్తే పడవ బోల్తా కొడతాది. ఆ బిడ్డకి తల్లుండదు."

ఆవిడ, కొబ్బరితాడు పట్టుకుని ఉన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

మూడు పెద్ద కెరటాలు దాటిపోయాక పోలయ్య కేక వేశాడు. నిలువునా తడిసి ఒడ్డుకు చేరాం. ఆవిడ నాకన్నా ముందే అత్తగారి దగ్గరకు వెళ్లారు.

"తప్పు నాదమ్మా. పిల్లనేమీ అనకండి."

"మాటలు తరవాత," అన్నారు అత్తగారు. "ముందల పాలియ్యనీ."

పాప గొంతు బొంగురుపోయింది. ఆ ఇసుకలోనే కూర్చుని పాలిచ్చాను. సీతారత్నం గారు తడి చీరతో మాకు అడ్డుగా, సముద్రం వైపు తిరిగి నిలబడ్డారు.

తరవాతి ప్రయాణానికి ముందు ఆవిడ బళ్లో టీచర్లందరినీ పేరుపేరునా అడిగారు, ఎవరు ఎన్నింటికి ఇంట్లో ఉండాలో చెప్పమని. నా వంతు వచ్చింది. లేచి, నేను రాలేనండి అన్నాను. ఆవిడ నా పేరు కొట్టేసి, పక్కామె వైపు తిరిగారు, అంతే. నేను హెడ్‌మిస్ట్రెస్‌నయ్యాక పాతికేళ్లు అదే ప్రశ్న అడిగాను. కుర్ర టీచర్లు ఎవరైనా తలొంచుకుని "పర్వాలేదండి" అంటే పక్కకు పిలిచి మళ్లీ అడిగేదాన్ని. ఆ రెండోసారికే అసలు సంగతి బయటికొచ్చేది.