లైట్ల నర్సయ్య ఉల్టా పలక

మా యూసుఫ్‌గూడ గల్లీలో బాలనర్సయ్యను అందరూ లైట్ల నర్సయ్య అంటారు. ఇరవై ఏళ్లు ఫిల్మ్‌నగర్ సెట్లలో నిచ్చెనలెక్కి లైట్లు కట్టాడు. ఒకసారి పైనుంచి పడి నడుం దెబ్బతింది. అప్పట్నుంచి ఇంట్లోనే కూర్చుని, సెట్టు మీద బల్బులు ఒకదాని వెనక ఒకటి పరిగెత్తేలా చేసే సర్క్యూట్ పలకలు తయారుచేస్తున్నాడు. రాగిపూత ఉన్న పలక మీద నల్లరంగుతో దారులు గీసి, గోధుమరంగు మందునీళ్లలో వేస్తాడు. నలుపు లేనిచోట రాగిని ఆ నీళ్లు తినేస్తాయి, నలుపు కింది రాగి మిగులుతుంది. మూడుసార్లు చెప్పించుకున్నాను. అక్కడ అర్థమైనట్టే ఉంటుంది, ఇంటికొచ్చేసరికి పోతుంది.

రెండువేల ఒకటిలో, మా గల్లీకి కూడా కంప్యూటర్ కోచింగ్ బోర్డులు వచ్చిన రోజుల్లో, జూబ్లీహిల్స్‌లో వేస్తున్న ఒక పాట సెట్టుకు ఆర్ట్ డైరెక్టరు పెద్ద పలక అడిగాడు.

"శుక్రవారం పదింటికల్లా వెలగాలయ్యా. లేకపోతే ఇకమీదట చెన్నై నుంచే తెప్పించుకుంటా."

అంటే ఈ పని పోయి బాలనర్సయ్య మళ్లీ నిచ్చెనెక్కాలి. ఆ నడుంతో!

అంత పెద్దది చేత్తో గీయలేక, పై వాటాలో అద్దెకుండే సాఫ్ట్‌వేర్ అమ్మాయి నిహారికను అడిగాడు. ఆమె ఆఫీసులో గీసి, నున్నటి కాగితం మీద ముద్రించి తెచ్చింది. దాన్ని రాగి మీద బోర్లించి ఇస్త్రీ చేస్తే నలుపు అంటుకుంటుందట. ముచ్చటపడి మూలన ఆయన పేరు కూడా వేసింది. చూస్తే పేరు తిరగబడి ఉంది.

"ఏంది బిడ్డా, నా పేరు ఉల్టా కొట్టినవ్?"

"అలాగే ఉండాలి అంకుల్..."

నేను ఊరుకోవచ్చు కదా! ముప్పై ఏళ్లు పిల్లల అక్షరాలు దిద్దిన చెయ్యి. "తప్పమ్మా, అక్షరం అక్షరంలా ఉండాలి. మార్చి తీసుకురా" అన్నాను.

"మాస్టారూ, మీకు తెలిసే చెబుతున్నారా?" అంటూనే మర్నాడు బొమ్మంతా తిరగేసి, పేరు తిన్నగా కనిపించేలా ముద్రించి తెచ్చింది.

బాలనర్సయ్య భార్య మంజులత, చెంబు తోమినట్టు పలకను చింతపండుతో తోమిపెట్టింది. ఇస్త్రీ చేసి, తడిపి, కాగితం ఒలిచారు. రాగి మీద పేరు తిరగబడింది!

"గిదేంది సారూ?"

"మందునీళ్లలో సర్దుకుంటుందేమో" అన్నాను.

ఉన్నదొక్కటే పలక. వేసేశాడు. ఏమీ సర్దుకోలేదు. శుక్రవారం పొద్దున పలకకు కన్నాలు వేసి, చిప్పు పెట్టబోయి ఆగిపోయాడు. చిప్పు ఎడమ కాళ్లకు కలవాల్సిన దారులు కుడివైపున ఉన్నాయి. బయట ప్రొడక్షన్ వ్యాను హారన్ మీద హారన్.

"సారు మాట ఇంటివి గదా, ఇగ నిచ్చెన ఎక్కు" అంది మంజులత, నావైపు చూడకుండా.

బాలనర్సయ్య పలకను తిప్పాడు, మళ్లీ తిప్పాడు. నాకే కళ్లు తిరిగాయి. ఉన్నట్టుండి చిప్పును ఎప్పుడూ పెట్టే రాగిలేని వైపు కాకుండా, రాగిదారులున్న వైపు నుంచే గుచ్చాడు.

"అద్దంల బొమ్మ లెక్క వచ్చింది గద సారూ. మనమే అద్దం అవతలికి పోదాం."

మిగతావి కూడా అటువైపే పెట్టి సోల్డరింగ్ చేసేశాడు. పదింటికి సెట్టు మీద బల్బులు పరిగెత్తాయి. ఆర్ట్ డైరెక్టరు పలకను చేతిలోకి తీసుకున్నాడు.

"ఏంటి నర్సయ్యా, దారులూ చిప్పులూ అన్నీ ఒకే వైపున్నాయి? కొత్త మోడలా?"

"అవ్ సార్."

"బాగుంది. వచ్చే సెట్టుకు ఇలాంటివే నాలుగు చెయ్."

ఆ సాయంత్రం నిహారిక నన్నడిగింది: "మాస్టారూ, ఈ నాలుగింటికీ పేరు తిన్నగా వెయ్యాలా, తిరగేసి వెయ్యాలా?"

నేను నోరు తెరిచేలోపు మంజులత నా చేతికి గొడుగిచ్చింది. "జర ఇంటికి పోయిరార్రి సారూ."

బయట వాన లేదు.