పండుగప్ప చెల్లెలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు నోరు తెరిచేది నేనే. తలుపు చప్పుడైతే ఎవరదని అరిచేదీ నేనే, ఎవరైనా మాట మొదలుపెడితే దాని చివర అందించేదీ నేనే. దీని నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ నవ్వేది. ఇప్పుడు నా మనవలు మాత్రం అమ్మమ్మంత నిదానస్తురాలు ఇంకొకరు లేరనుకుంటారు. పాపం, వాళ్లకేం తెలుసు! ఆ నిదానం నాకు పుట్టుకతో రాలేదు. ఐర్లండ్‌లో, ట్రాలీ ఊరి చివర సముద్రపు ఒడ్డున, పదేళ్ల వయసులో ఒక సాయంత్రం అబ్బింది.

అవి కోవిడ్ రోజులు. అమ్మ ఆ ఊరి పెద్దాసుపత్రిలో నర్సు, నాన్న వైద్య పరికరాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. చెట్ల ఆకులు రంగు మారుతున్నప్పుడు అమ్మకి ఆ జబ్బు సోకింది. పై గదిలో విడిగా ఉండేది. నాన్న భోజనం ట్రే తలుపు ముందు పెట్టి దిగివచ్చేవాడు. గడువు రోజులన్నీ అయిపోయి అమ్మ కిందికి వచ్చేసరికి, ఆమె నైటీ ఎవరిదో అరువు తెచ్చి వేసుకున్నట్టు వదులుగా వేలాడుతోంది.

రుచీ వాసనా పోయాయని మొదట్లో చెప్పింది. వారం తర్వాత, అన్నీ వచ్చేశాయి, ఐ యామ్ గ్రాండ్, అంటే బాగానే ఉన్నాను, అంది. ఆ దేశంలో కాలు విరిగినవాడు కూడా గ్రాండ్ అనే అంటాడు, కాబట్టి ఆ మాటని నేనంతగా నమ్మలేదు. ఎందుకంటే అమ్మ తినేది కాదు. రెండు ముద్దలు కతికి కంచం పక్కకి జరిపేసేది. అమ్మ ఇలాగే కొంచెం కొంచెంగా తరిగిపోతుందేమోనని నాకు చాలా భయం వేసేది. ఆ భయం నాన్నతో కూడా చెప్పలేదు. నా నోట్లో నానిన మొదటి నువ్వుగింజ బహుశా అదేనేమో.

పోనీ ఏం తినాలనుందో చెప్పమని నాన్న ఒకరోజు బతిమాలితే, పండుగప్ప పులుసైతే తింటానేమో అంది. అమ్మ పుట్టిల్లు గోదావరి సముద్రంలో కలిసే చోట. అక్కడ చేపల్లో పండుగప్పకి ఉన్న మర్యాద అల్లుడికి కూడా ఉండదు. అది ఈ దేశంలో దొరకదని తెలిసే అడిగిందని నాన్నకి అర్థమైంది. నాకు అర్థం కాలేదు. పరుగున వెళ్లి గోడ మీద నుంచి పక్కింటి అక్కకి చెప్పేశాను.

పక్కింటి అక్కది భీమవరం. మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తూ ఒక్కతే అద్దెకుండేది. వాళ్లింట్లో తాతల నాటి నుంచి చేపల చెరువులట. ఈ ఊరొచ్చాక సముద్రంలో గాలం వెయ్యడం నేర్చుకుంది. నేను చెప్పిందంతా విని, "పండుగప్ప లేదు గానీ బుజ్జీ, దాని చెల్లెలుంది. ఇక్కడోళ్లు బాస్ అంటారు. ఈ నెలలోనే ఒడ్డు దాకా వస్తాది, పద" అంది.

అప్పట్లో ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదు. దాటితే గార్డ్స్, అంటే అక్కడి పోలీసులు, వెనక్కి పంపేవాళ్లు. గాలిమర దగ్గరి ఒడ్డు ఆ గీత లోపలే ఉందని అక్క ఫోన్‌లో కొలిచి చూసుకుంది. మనిషికీ మనిషికీ మధ్య దూరం ఉండాలి కాబట్టి తన గాలం కర్ర పొడవు దూరంలో నన్ను నడవమంది. ఊరు దాటేదాకా అలాగే నడిచాం, ముందు అక్క, వెనక కర్ర చివర నేను.

పోటు ఎక్కుతోంది. గాలి చెవుల్ని కొరుకుతోంది. అక్క తీసిన ఎర చూసి నాకు నవ్వొచ్చింది. పురుగూ కాదు, రొయ్యా కాదు, పొట్ట కింద కొక్కేలున్న, రంగు వేసిన ప్లాస్టిక్ చేప. నీళ్ల మీద తేలుతుంది. దాన్ని విసిరి చిన్న చిన్న కుదుపులతో లాగుతుంటే తప్పతాగిన మనిషిలా అటూ ఇటూ తూలుకుంటూ వచ్చేది. గాయపడ్డ చేపపిల్ల అనుకుని బాస్ కింది నుంచి వచ్చి కొడుతుంది. నాకొక కర్ర ఇచ్చి, చెయ్యి పట్టుకుని నేర్పడానికి వీల్లేదు కాబట్టి, దూరం నుంచే మాటలతో నేర్పింది.

పావుగంట గడిచిందో లేదో నా ఎర పక్కన నీళ్లు ధబ్బుమని పేలాయి. నేను కేక పెట్టి కర్రని వెనక్కి లాగేశాను. ఎర గాల్లో ఎగిరొచ్చి నా బూట్ల దగ్గర పడింది. చేప లేదు. మళ్లీ విసిరాను. మళ్లీ పేలింది, మళ్లీ లాగాను, మళ్లీ ఒట్టి ఎర. నాకు ఏడుపొచ్చేసింది. నేను పోగొట్టినవి చేపలు కావు, అమ్మ తినాల్సిన ముద్దలు. "ఇట్స్ నాట్ ఫెయిర్ అక్కా!" అని కాలితో రాయిని తన్నాను. కాలికే తగిలింది.

అక్క నవ్వలేదు. "తాటాకు చప్పుళ్లకి కుందేళ్లు కూడా బెదరవంటారు, నువ్వు నీళ్ల చప్పుడికే ఎగిరిపడుతున్నావేంటమ్మా? ఆ చప్పుడు చేప కాదు. చేప నోరు మూసి, తిరిగి, ఎరని పట్టుకెళ్లాలి. అప్పుడు చేతికి బరువు తెలుస్తాది. బరువు తెలిసేదాకా ఆగు" అంది. ఆగలేనన్నాను. అయితే కళ్లు మూసుకో అంది.

మొదట వేళాకోళం అనుకున్నాను. కాదు. తన మెడ చుట్టూ ఉన్న స్కార్ఫ్ తీసివ్వడానికి కూడా వీల్లేని రోజులు కాబట్టి, నా ఉన్ని టోపీనే ముక్కు దాకా లాక్కోమంది. అలాగే గుడ్డిగా నిలబడి ఎరని కుదుపుతూ లాగాను. గాలి, సముద్రపు పక్షుల అరుపులు, నా గుండె చప్పుడు. ధబ్బుమంది. నా ఒళ్లంతా లాగెయ్యి లాగెయ్యి అంది. పళ్లు బిగపట్టి ఆగాను. అప్పుడు, ఎవరో చెయ్యి పట్టుకుని పిలిచినట్టు, కర్ర మెల్లగా బరువెక్కింది. "ఇప్పుడు!" అన్న అక్క గొంతు వినేసరికే నేను లాగేశాను.

టోపీ తీసి చూస్తే వెండిలా మెరుస్తూ అది. ఒక కొలతకన్నా చిన్న బాస్‌ని అక్కడ తిరిగి నీళ్లలో వదిలెయ్యాలి. అక్క కర్ర మీద ఆ కొలతకి చుట్టిన టేపు పక్కన చేపని పెట్టింది. తోక కొస టేపుని రెండు వేళ్లు దాటింది. ఆ రెండు వేళ్ల కోసం నేను ఎన్ని దేవుళ్లకి మొక్కానో ఆ నాలుగు క్షణాల్లో!

ఆ సాయంత్రం వంట నాన్నది. ప్రెస్‌లో, అంటే వంటింటి అల్మరాలో, ఏ మూలో దాగిన చింతపండు వెతికి తీశాడు. అక్క గోడవతల నుంచి చెబుతుంటే కిటికీ తెరిచి వింటూ పులుసు పెట్టాడు. అమ్మకి ముందు వడ్డించాం. అమ్మ ఒక ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. "అచ్చం మా అమ్మ చేతి పులుసే" అంది. నాన్న ముఖం వెలిగిపోయింది. నేను గర్వంగా నా ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

ఉప్పు లేదు. తక్కువ కాదు, అసలు లేదు. చివర్లో వేద్దామని గిన్నెలో తీసి పెట్టిన ఉప్పు పొయ్యి పక్కన అలాగే ఉంది.

నా నోరు అప్పటికే తెరుచుకుంది. నాన్నా, ఉప్పు మర్చిపోయావ్ అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అంతలో ఎందుకో ఆ ఒడ్డు గుర్తొచ్చింది. ఆగాను. ఆగి అమ్మని చూశాను. అమ్మ ఇంకో ముద్ద కలుపుతోంది. ఆమె కళ్లు కంచం మీద లేవు, మా ఇద్దరి మీద ఉన్నాయి. అప్పుడు తెలిసింది నాకు బరువు. అమ్మకి రుచి రాలేదు. వచ్చిందని మా కోసం చెప్పింది. మట్టిలాంటి ఆ ముద్దల్ని మా కోసం తింటోంది.

నాన్న కూడా నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగిపోయాడు. నా వైపు చూశాడు. నేను తల వంచుకుని ఇంకో ముద్ద కలుపుకున్నాను. అమ్మా, ఇంకొంచెం వెయ్యనా అని అడిగాను. వెయ్యమంది. జబ్బు పడ్డాక అమ్మ కంచం ఖాళీ చేసింది ఆ రోజే. ముళ్లన్నీ తన అలవాటు ప్రకారం కంచం అంచున వరసగా పేర్చి పెట్టింది. నేను వంటింట్లోకి వెళ్లి, ఆ గిన్నెలో ఉప్పు అమ్మ కంట పడకుండా డబ్బాలో ఒంపేశాను.

అమ్మకి రుచి తిరిగి రావడానికి చలికాలమంతా పట్టింది. ఆ పులుసు సంగతి నేను ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు. ఆమె పోయేదాకా, ఎవరింట ఏ చేప తిన్నా, "నా కూతురు పట్టిన పండుగప్ప చెల్లెలి ముందు ఇదెంత" అనేది. ఇవాళ్టికీ నేను పులుసు పెట్టి ఉప్పు చేతిలోకి తీసుకున్నప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. మర్చిపోతానన్న భయంతో కాదు. అమ్మ కోసం.