అంచు మీద పెంగ్విన్లు

పోయిన నెల నా కుళ్ళు నన్నెట్ల నవ్వులపాలు చేసిందో చెప్తాను, వినండి. నవ్వితే నవ్వండి గానీ ఓబులేసు అన్న చెవిన మాత్రం వేయొద్దండి. ఆయప్ప ఇప్పటికీ అది నా ప్రేమ అనుకుంటాండాడు.

ఓబులేసు అన్న అంటే నా సడ్డకుడు, నా పెండ్లాం అక్క మొగుడు. ధర్మవరంలో మా మామ ఇంట్లోనే ఇద్దరం పక్కపక్క మగ్గాల మీద పట్టుచీరలు నేస్తాం. మా దాంట్లో ఒక కొత్త అంచు జనానికి నచ్చిందంటే దానికి నేసినోని పేరే పడిపోతుంది. పోయినేడు ఆయప్ప హంసల అంచు ఒకటి నేసినాడు. ఇంక చూడండి, ఏ అంగట్లో విన్నా ‘ఓబులేసు అంచు’, ‘ఓబులేసు అంచు’. నేను పదిహేనేండ్లుగా నేస్తాండా. నా పేరు మీద ఒక తువాలు కూడా లేదు.

అసూయ ఉండాదని చెప్పుకోడానికి నాకేం సిగ్గు? మా అత్త ఆయప్ప సంగటి ముద్దలో ఒక గంటె నెయ్యి ఎక్కువేస్తే నాకు ముద్ద గొంతు దిగేది కాదు. ఆయప్ప మంచోడు కావడం ఇంకా మంట. చెడ్డోడైతే నలుగురిలో తిట్టుకోనన్నా తిట్టుకుందును.

అట్లాంటప్పుడు మామ ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక మాట చెప్పినాడు. బుక్కరాయసముద్రం నుంచి పెండ్లోళ్ళు వస్తాండారు, బాగా భూమి ఉండే రైతులు, చెరొక కొత్త అంచు నేసి పెట్టండి, వాళ్ళకు ఏది నచ్చితే అదే పెండ్లిచీర అన్నాడు. నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఈ ఛాన్స్ పోతే ఇంక జన్మకు నా పేరుతో అంచు ఉండదు.

మా వీధిలో హైస్కూలు సైన్సు సారు ఒకాయన ఉన్నాడు. పోస్టులో ఇంగ్లీషు పుస్తకాలు తెప్పిస్తాడు. ఒకరోజు ఆయన ఇంట్లో పేజీలు తిప్పుతాంటే నాలుగు పక్షులు కనపడినాయి. మనుషుల మాదిరి నిటారుగా నిలబడుకోనుండాయి. వీపు నలుపు, పొట్ట తెలుపు, రొమ్ము మీద నల్ల పట్టీ. పెంగ్విన్లంట. అవి మంచులో కదా సార్ ఉండేది, బడిలో చదివినా అంటే, ఇవి కాదప్పా, ఇవి ఎండలో బతికేటివి అన్నాడు. నాలుగూ ఒకే వంశమంట, అన్నదమ్ముల మాదిరి. ఒకటి ఆఫ్రికా కొసన, రెండు దక్షిణ అమెరికా ఒడ్డున, ఇంకోటి భూమధ్యరేఖ కాడ దీవుల్లో. చూడ్డానికి నాలుగూ ఒకటే. రొమ్ము మీద పట్టీ ఒకటా రెండా అని చూసి తేడా పట్టల్లంట. ఒకటి ఉండేచోట అయితే మన అనంతపురం కన్నా వాన తక్కువంట, రాళ్ళ సందుల్లో, బొరియల్లో గుడ్లు పెట్టుకుంటాయంట.

మనకన్నా కరువు పక్షులు! నాకు ప్రాణం లేచొచ్చింది. హంసను మనం యాడ చూసినాం? పాలూ నీళ్ళూ వేరు చేస్తాదంట. మన సీమలో పాలు యాడివి, నీళ్ళు యాడివి, అది వచ్చి వేరు చేయడానికి?

ఆ పేజీ అడిగి తెచ్చుకోని గ్రాఫు కాగితం మీద గీసినా. పెండ్లిచీరలో నలుపు పనికిరాదు కాబట్టి నలుపు తావున నెమలి మెడ రంగు పెట్టినా. తెలుపు తావున జరీ. ముక్కు గళ్ళలో సరిగ్గా కుదరకపోతే కొంచెం కురచ చేసినా. జరీ దండిగా కనపడల్లని పొట్ట పెంచినా. పట్టీ అడ్డంగా ఉంటే ముచ్చటగా లేదని భుజం మీది నుంచి ఏటవాలుగా దించినా. నాలుగు పక్షులు వరసగా, మళ్ళా నాలుగు, మళ్ళా నాలుగు. ఆ గీత ప్రకారం అట్టలకు బెజ్జాలు కొట్టించి మగ్గం మీది జకార్డు మిషనుకు ఎక్కించినా.

మా వాడుక ఏమంటే, కొత్త డిజైను జానెడు నేసినాక పక్క మగ్గమాయన్ను పిలిచి చూపిస్తాం. నేసేవాని కంటికి పోగులు కనపడతాయి గానీ బొమ్మ కనపడదు. నేసింది నేసినట్టు కర్రకు చుట్టుకుపోతాది కదా. కానీ నా పక్క మగ్గం ఎవరిది? చూపిస్తానా నేను? పాత దుప్పటి ఒకటి అడ్డం కట్టినా. ఎందుకు తమ్ముడా అని ఆయప్ప అడిగితే గాలికి పోగులు తెగుతాండాయన్నా అని చెప్పినా. నడి ఎండాకాలంలో గాలి! మర్నాడు ఆయప్ప ఇంకో దుప్పటి తెచ్చి, దీన్ని కూడా కట్టుకో అని ఇచ్చిపోయినాడు. నా కడుపు ఇంకా మండింది.

పెండ్లోళ్ళు వచ్చినారు. ముందు ఆయప్ప చీర పరిచినారు. చిలకలు, మామిడి పిందెలు. బాగుండాది అన్నారు. తర్వాత నాది పరిచినారు. అందరూ ముందుకు వంగి అంచునే చూస్తాండారు. బిత్తరపోయినారులే అనుకున్నా నేను.

గోడకు ఆనుకోని మా మామ తల్లి, అవ్వ, కూర్చోనుండాది. చూపు ఆనదు. తల పక్కకు వంచి చీరను చాలాసేపు చూసింది.

“ఏమప్పా నాగరాజా, ఓబులేసును ఇన్నిసార్లు ఎందుకు నేసినావు?” అనింది.

అప్పుడు చూసినా నేను. ఆయప్ప వాకిట్లో నిలబడినాడు. పొట్ట ముందుకు, చేతులు పక్కలకు కొంచెం ఎడంగా, కురచ ముక్కు, భుజం మీది నుంచి ఏటవాలుగా తువాలు. అంచు నిండా అదే మనిషి. నాలుగు రకాల అన్నదమ్ములు నా చేతిలో పడి ఒకే ఓబులేసు అయిపోయినారు. ఒకడు ఒక తువాలుతో, ఇంకొకడు రెండు తువాళ్ళతో.

ఓబులేసు అన్న పెండ్లాం, మా వదిన, కొంగు నోట్లో కుక్కుకునింది. ఇంక పెండ్లోళ్ళతో సహా అందరూ ఒకటే నవ్వు. అవి పెంగ్విన్లు, పెంగ్విన్లు అంటాండా నేను. టీవీ ఇంకా రాని మా వీధిలో పెంగ్విన్ అంటే ఎవరికి తెలుసు? పక్షికి తువాలు ఎందుకప్పా అని మామ అడిగినాడు.

ఓబులేసు అన్న మాత్రం నవ్వలేదు. వచ్చి చీర పక్కన కూర్చోని అంచును వేలితో తడిమినాడు. కండ్లలో నీళ్ళు.

“దుప్పటి కట్టుకోని నువ్వు నేస్తాండింది ఇదా తమ్ముడా? నా సొంత తమ్ముడు కూడా ఇంత చేయడు” అని నన్ను గట్టిగా కావలించుకున్నాడు. అంత మందిలో ఏం చెప్పేది? ఊ అన్నాను.

ఇంక అసలు దెబ్బ వినండి. పెండ్లికూతురి తల్లి కండ్లు తుడుచుకోని, అన్న మీద ప్రేమతో నేసిన ఈ మాదిరి అంచు యాడా చూల్లేదు, ఇదే కావల్ల, ఆరు చీరలు నేయండి అనింది. గెలిచినాను! మీ అంచు పేరేమి, మావోళ్ళకు ఏమని చెప్పల్ల అని అడిగింది. నేను గొంతు సవరించుకున్నా. నోరు తెరిచేలోపల మా అత్త, మామ, వదిన, నా పెండ్లాంతో సహా ఒకే మాట అన్నారు. “ఓబులేసు అంచు.”

పాతది ఒకటుండాది కదా అని మామే మళ్ళా సర్ది చెప్పినాడు. హంసలది పాత ఓబులేసు, ఇది కొత్త ఓబులేసు.

ఇప్పుడు రెండో చీర మగ్గం మీదుండాది. ఆయప్ప మొఖం దినానికి ఒకసారి చూడలేనోణ్ణి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయప్పనే నేస్తాండా. సాయంత్రమైతే ఆయప్ప వచ్చి పక్కన కూర్చోని చూసుకుంటాడు. నిన్న మెల్లగా అడిగినాడు, నా పొట్ట మరీ అంత ఉండాదా తమ్ముడా, రెండు పోగులు తగ్గించరాదా అని. కుదరదన్నా, డిజైను చెడిపోతాది అన్నాను. ఏం చెడిపోదు. పదిహేనేండ్లలో ఆయప్ప మీద నేను గెలిచింది ఆ రెండు పోగులే, వాటిని కూడా ఇడిచిపెట్టమంటారా?