రాజశేఖర్ కన్నా ఒకటి ఎక్కువ

సిద్దిపేట పాత బస్టాండు దగ్గర రామేశ్వర్‌కు పెళ్లికార్డులు అచ్చువేసే ప్రెస్సు ఉంది. ముప్పై ఏళ్లుగా చుట్టుపక్కల ఊళ్ల పెళ్లిపిల్లల పేర్లు ఆయన చేతి మీదుగానే కాగితమెక్కాయి. రామేశ్వర్ వేస్తే అక్షరం తప్పు పోదని పేరు. అట్లాంటి మనిషికి రెండేళ్లుగా మనసు మనసులో లేదు. కారణం రోడ్డుకు అవతల ఉన్న రాజశేఖర్ ప్రెస్సు.

రాజశేఖర్ పదేళ్లు ఆయన దగ్గరే పనిచేసి, విడిపోయి సొంతంగా పెట్టుకున్నాడు. అతని కొట్టు మెట్లెక్కేవాళ్లు తక్కువే. పెళ్లివాళ్లు ఇంట్లో కూర్చుని ఫోనులో పేర్లు పంపిస్తారు, కార్డు ఎట్లా వచ్చిందో అతను ఫోనులోనే చూపిస్తాడు. అతని ఫోను మోగినప్పుడల్లా తనకు రావలసిన పెళ్లి ఒకటి అటు తరలిపోయినట్టే ఉండేది రామేశ్వర్‌కు. చూడకూడదని కుర్చీ గోడవైపు తిప్పుకునేవాడు. కాసేపటికి ఉండబట్టలేక మళ్లీ రోడ్డువైపు తిప్పుకునేవాడు.

చివరికి అతని దగ్గర ఏమేం ఉన్నాయో తెలిసినవాళ్ల దగ్గర కూపీ లాగాడు. వాట్సాప్, టెలిగ్రామ్, ఈమెయిల్ అని తేలింది. ఇంటికి పోయి కోడలు సింధుజను అడిగాడు. పేర్లకూ ఫొటోలకూ వాట్సాప్, పెద్ద ఫైళ్లకు మెయిల్, ఈ రెండూ చాలంది ఆమె.

"గాయనకు ఉన్నయన్నీ పెట్టు బిడ్డా. ఇంకోటి ఎక్కువనే పెట్టు," అన్నాడు రామేశ్వర్.

"ఎక్కువుంటే ఎవరు దేంట్ల పంపిన్రో చూసుకోవుడు కష్టమైతది మామయ్యా."

ఆయన వినలేదు. ఇన్‌స్టాగ్రామ్‌తో కలిపి నాలుగింటినీ ఫోనులో పెట్టించుకుని, నాలుగు గుర్తులనూ ఎదుటి బోర్డు మీదవాటి కన్నా పెద్దగా తన బోర్డు మీద వేయించాడు. రాజశేఖర్ తలెత్తి దాన్ని చూసిన రోజు రామేశ్వర్ రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

నెల తిరక్కుండానే కోహెడ నుంచి శ్రీనిధి అనే అమ్మాయి తన పెళ్లికార్డు వివరాలు వాట్సాప్‌లో పంపింది. మర్నాడు ఒక సవరణ మెయిల్‌లో పంపింది. రామేశ్వర్ మెయిల్ తెరవనే లేదు. రాజశేఖర్ ఎప్పుడూ వాట్సాపే చూస్తుంటాడు కదా అని తనూ అదే చూస్తూ కూర్చున్నాడు. కార్డులు అచ్చయి కోహెడకు పోయాయి.

రెండో రోజు పొద్దున ఒక పెద్దమనిషి బస్సు దిగి నేరుగా కొట్టుకొచ్చాడు. శ్రీనిధి తాత రాంచందర్. కార్డు బల్ల మీద పెట్టి తన పేరు మీద వేలుంచాడు. పేరుకు ముందు కీ.శే. అని ఉంది. చనిపోయింది అమ్మాయి తల్లి తరఫు తాత. పిల్ల మొదట పొరపాటున ఇద్దరికీ పెట్టి, తర్వాత మెయిల్‌లో దిద్దింది.

"పిల్ల ఎదురుంగ ఉన్న కొట్టుకే పోదామన్నది," అన్నాడు రాంచందర్ మెల్లగా. "నీ దగ్గర తప్పు పోదని నేనే పట్టువట్టిన."

ఆ మాట కన్నా అతను తిట్టి ఉంటే బాగుండుననిపించింది రామేశ్వర్‌కు. సాయంత్రానికి మళ్లీ వేసిస్తానని మాటిచ్చాడు. తీరా చూస్తే ఆ రకం అట్టలు అయిపోయాయి. ఊళ్లో ఉన్నది ఒక్క రాజశేఖర్ దగ్గరే.

రోడ్డు దాటి ఆ కొట్టులోకి అడుగు పెట్టడం అదే మొదటిసారి. విషయం విని రాజశేఖర్ నవ్వలేదు. అట్టల కట్టలు తనే దించి ఇచ్చాడు. అతను నవ్వకపోవడం కూడా రామేశ్వర్‌కు కష్టంగానే ఉంది. అయినా అడిగాడు, అన్నిట్లో వచ్చేవి ఎట్లా చూసుకుంటావని.

"చూసుకోలేకనే టెలిగ్రామ్ తీసేసిన అన్నా. పేర్లు వాట్సాప్‌ల, ఫైళ్లు మెయిల్ల. రెండే. రెండూ గీ కంప్యూటర్ల తెరిచి పెట్టుకుంట."

కోడలు చెప్పిందీ అదే. సాయంత్రం ఆరింటికి రాంచందర్ కొత్త కార్డులు తీసుకుని, తన పేరు రెండుసార్లు చదువుకుని, బస్సెక్కాడు.

సింధుజ రెండు తీసేసి, మిగిలిన రెండూ కంప్యూటరుకు కలిపిపెట్టింది. ఈర్ష్య మాత్రం అట్లా తీసేస్తే పోయేది కాదు. ఇప్పుడు అచ్చుకు పోయేముందు రామేశ్వర్ పెళ్లివాళ్లందరికీ ఫోను చేసి, కార్డు మొత్తం చదివి వినిపిస్తాడు. అదీ కొట్టు వాకిట్లో నిలబడి, రోడ్డు అవతలికి వినపడేంత గట్టిగా చదువుతాడు.