తమ్ముడికి పెట్టకూడని అరటిపండు

సుగుణా, నీ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? లక్ష్మీ, బీపీ గోలీ మరిచిపోకుండా వేసుకుంటున్నావా? యాదమ్మా, ఆపరేషన్ అయిన కన్ను తేటగా కనిపిస్తోందా? మీ అందరి గురించీ నాకు బెంగే.

నిన్న తార్నాకలో బండి మీద మాగిన అరటిపండ్ల వాసన తగిలి అక్కడే నిలబడిపోయాను. మా నాయిన యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో వంట చేసేవాడు, యాదికుందా? పిల్లలు వద్దన్న మచ్చల పండ్లు తువ్వాలలో మూటగట్టి మాణికేశ్వర్ నగర్‌లో మనమంతా కలిసి పెరిగిన గల్లీకి తెచ్చేవాడు. ఒకసారి మా తమ్ముడు నర్సింగ్‌కు విరేచనాలై ఒళ్లు వేలాడిపోయింది. అమ్మ సత్తు గిన్నెలో పండు పిసికి, పెరుగన్నంలో కలిపి నా చేతికిచ్చింది.

"తినిపియ్యే బిడ్డా, కడుపు నిలుస్తది, బలమొస్తది" అంది.

వాడు కోలుకున్నాడు. అప్పటినుంచి ఎవరికి బాగాలేకపోయినా నేను అరటిపండ్లే పట్టుకుపోతాను.

ఇప్పుడు వాడికి కిడ్నీలు పాడైనాయి. అరటిపండు తింటే ఒంట్లో పొటాషియం పెరిగి గుండె ఆగే ప్రమాదముందని డాక్టరు గట్టిగా చెప్పాడు. వాడేమో అన్నం ముట్టడం లేదు. పొద్దున ఫోన్ చేశాడు.

"అక్కా, నోరంతా చేదైంది. ఒక్క పండు కొంగుల దాసుకొని తే. నీ మరదలికి చెప్పకు."

"గది నీకు విషంరా!"

"నీ చేతులతోని పెడితే విషమెట్లయితదే?"

ఒక్కదాన్నే పోతే వాడి మాట కాదనలేను. మీలో ఒకరు నా వెంట రండమ్మా. ఆదివారం పొద్దున పది గంటలకు వాడి దగ్గరికి పోతున్నాను.